సర్వర్ పార్టుల లిస్టులో ఇన్వర్టర్ కూడా రాసుకోండి: తిరుపతిలో మూడేళ్ళకు పైగా వాడాక

ఇంట్లో సొంతంగా సర్వర్ కట్టుకోవాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది ప్రాసెసర్ ఏది అని. తర్వాత ర్యామ్ ఎంత, డిస్కులు ఎన్ని అని. ఎస్‌ఎంపీఎస్, అంటే సాకెట్ కరెంటును లోపలి పార్టులకు సరిపడేలా మార్చే పెట్టె, ఏది పెట్టాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ‘మీ ఇంట్లో ఇన్వర్టర్ ఏ రకం?’ అని నేనే అడిగితే, దానికీ దీనికీ ఏం సంబంధం అన్నట్టు చూస్తారు. సంబంధం ఉంది. నా సర్వర్ నన్ను సతాయించిందంతా ఆ రెండింటి మధ్య పొత్తు కుదరకే. పార్టులు ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసే లిస్టులన్నీ క్యాబినెట్ గోడ దగ్గర ఆగిపోతాయి. గోడకున్న సాకెట్ వెనకాల ఏముందో ఏ లిస్టూ అడగదు. నా కోపమంతా దానిమీదే.

ఇది ఎందుకు కట్టానో రెండు మాటల్లో చెప్తాను. 2021 నవంబరు వానలకు తిరుపతిలో లోతట్టు వీధులు మునిగినప్పుడు, మా బావ స్టూడియోలో కింది అరలో ఉన్న హార్డ్ డిస్కులు కొన్ని నీళ్ళపాలయ్యాయి. అన్నీ పెళ్ళి వీడియోలు. తిరుమలలో, తిరుచానూరులో పెళ్ళి చేసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఏడాది తర్వాత ఫోన్ చేసి ‘తలంబ్రాల ఫుటేజీ ఇంకోసారి పంపుతారా’ అంటారు. లేదని చెప్పడం బావకు చాలా కష్టమైంది. అందుకని కొర్లగుంటలో మా ఇంటి మేడమీద గదిలో నాలుగు డిస్కుల సర్వర్ పెట్టాం. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెండేసి డిస్కులు జతగా, మిర్రర్: ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ ఉంటుంది. స్టూడియోలో ఆ రోజు తీసిందంతా రాత్రి ఇక్కడికి కాపీ అవుతుంది.

పార్టులు చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాం. క్యాబినెట్‌తో పాటే ఎస్‌ఎంపీఎస్ వచ్చింది, మీద 500 వాట్స్ అని స్టిక్కర్. నాలుగు డిస్కులకు ఇది చాలు అని షాపతను అన్నాడు. వాట్ల లెక్క ప్రకారం అతను చెప్పింది నిజమే. ప్లగ్‌కి మీటర్ పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడు 50 వాట్లు, వీడియో మార్పిడి, కాపీ రెండూ నడుస్తుంటే 130 దాకా. కొత్తలో అందరికీ ఈ సెట్టే చెప్పాను. చప్పుడు లేదు, వేడి లేదు, ధర తక్కువ. ఇందులో చప్పుడు, వేడి గురించి అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. మదర్‌బోర్డు గురించి మాత్రం ఒక్క సవరణ: రెండో ఎం.2 స్లాట్‌లో (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టే చోటు) ఎస్‌ఎస్‌డీ పెడితే, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు రెండు పనిచేయడం మానేస్తాయి. చాలా బోర్డుల్లో ఇంతే, మాన్యువల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆరు డిస్కుల ఆశతో కొనేవాళ్ళు ముందే చూసుకోవాలి.

ఇక అసలు సంగతి. మొదటి వేసవిలో సర్వర్ తనంతట తానే రీస్టార్ట్ కావడం మొదలైంది. బావ పొద్దున్నే ఫోన్: “ఏమబ్బా, రాత్రి కాపీ మళ్ళా సగంలో ఆగిపోయింది.” కరెంటు పోయి ఉంటుందనుకుందామా, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, సర్వర్ దానిమీదే ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఆయన బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసి, మెయిన్ ఆపి చూపించాడు. “లైట్లు ఎలగతా ఉండాయి, ఫ్యాన్లు తిరగతా ఉండాయి. ఇన్వర్టర్‌కి ఏమీ లేదు సామీ.” సర్వర్ కూడా నిక్షేపంగా నడుస్తోంది, ఆయన ఎన్నిసార్లు మెయిన్ ఆపినా. ఆయన వెళ్ళిన రెండు రోజులకు మళ్ళీ రీస్టార్ట్.

ర్యామ్‌ని రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో పెట్టాను, ఒక్క తప్పూ లేదు. సాటా కేబుళ్ళు మార్చాను. డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తీస్తే 192వ వరుస, అంటే పవర్ ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్, పెరుగుతూ ఉంది. కరెంటు ఉన్నట్టుండి పోతే డిస్కు తన హెడ్‌ని హడావుడిగా పక్కకు లాక్కున్న ప్రతిసారీ పెరిగే అంకె అది. ఎం.2 స్లాట్‌లో ఉన్న ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీలో అన్‌సేఫ్ షట్‌డౌన్స్ (పద్ధతిగా ఆపకుండా కరెంటు తెగిన సార్లు) అనే లెక్క కూడా దాంతోపాటే పెరిగింది. అంటే సాఫ్ట్‌వేర్ గొడవ కాదు, నిజంగానే కరెంటు తెగుతోంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పుణ్యమా అని పాత ఫైళ్ళు ఒక్కటీ చెడలేదు. స్క్రబ్, అంటే డిస్కుల్లో ఉన్నదంతా చదివి సరిచూసే పని, ప్రతిసారీ శుభ్రంగానే వచ్చింది. కానీ అప్పుడు రాస్తున్న కాపీ మాత్రం పోయేది. తెల్లవారేసరికి డిస్కులన్నీ ఒక్కసారి ఆగి తిరిగిన సంగతి అంకెల్లో కనిపిస్తుంటే వచ్చే టెన్షన్ వేరు.

దారి చూపించింది లాగ్‌లో ఉన్న టైములు. రీస్టార్టులన్నీ రాత్రి ఏడు, పదకొండు గంటల మధ్యే. ఇంకా విచిత్రం, వానాకాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోయినా సర్వర్ కిక్కురుమనలేదు. వేసవి సాయంత్రం ఒక్కసారి పోతే చాలు, పడిపోయేది. ఒక రాత్రి వోల్టేజీ చూశాను. వీధిలో ఏసీలన్నీ నడుస్తున్న టైము. మీటర్ మీద 190. వానరోజుల్లో అదే సాకెట్‌లో 240.

అక్కడ విషయం అర్థమైంది. ఎస్‌ఎంపీఎస్ లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు బండి నడిపేది అదే. మేడమీద నీళ్ళ ట్యాంకు లాంటిది, మోటారు ఆగినా ట్యాంకులో ఉన్నంతసేపు కొళాయి వస్తుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఆ కెపాసిటర్ చిన్నది. పైగా అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ (సాకెట్ నుంచి కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) లేదు కాబట్టి సాకెట్‌లో ఎంత వస్తే అంతే నిండుతుంది. 240 వచ్చినప్పుడు కెపాసిటర్‌లో దాదాపు 340 వోల్టులు. 190 వచ్చినప్పుడు 270కి లోపే. నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి ఆ తేడా చూడ్డానికి కనిపించేదానికంటే చాలా పెద్దది. దానికి తోడు రాత్రి కాపీ నడుస్తూ సర్వర్ 130 వాట్లు లాగుతోంది. నిల్వ తక్కువ, వాడకం ఎక్కువ. ఎలక్ట్రీషియన్ వచ్చింది పగలు పదకొండుకి. అప్పుడు వోల్టేజీ బాగుంది, సర్వర్ ఊరికే ఉంది. అందుకే ఆయన పరీక్షలో ఏమీ తేలలేదు, తప్పు ఆయనది కాదు.

మా పాత ఇన్వర్టర్ మెయిన్ నుంచి బ్యాటరీకి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చని దాని పుస్తకంలోనే ఉంది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం, కరెంటు పోయాక నిలబడమనేది సుమారు 16 మిల్లీసెకన్లు. ట్యూబ్‌లైటు ఒకసారి రెప్పవేసినట్టు ఆరి వెలిగితే మనం పట్టించుకోం. సర్వర్‌కి ఆ రెప్పపాటే ఎక్కువ.

సరే, క్యాబినెట్‌తో వచ్చినదాన్ని తీసేసి 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే ముద్ర) ఎస్‌ఎంపీఎస్ కొన్నాను. 80 ప్లస్ ముద్ర రావాలంటే పవర్ ఫ్యాక్టర్ (కరెంటును ఎంత సమంగా లాగుతుందో చెప్పే కొలత) 0.9 ఉండాలి, అంటే లోపల యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నట్టే. అది సాకెట్‌లో 190 వచ్చినా 240 వచ్చినా కెపాసిటర్‌ని 380 వోల్టుల చుట్టుపక్కలే నిలబెడుతుంది. వేసవి సాయంత్రం సమస్య అక్కడితో తీరాలి.

తీరలేదు, ఇంకో రూపంలో వచ్చింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ మెయిన్ మీద బ్రహ్మాండంగా నడిచింది. ఇన్వర్టర్ మీదికి మారగానే లోపల్నుంచి తుమ్మెద రొదలాంటి చప్పుడు. లోడు ఎక్కువున్నప్పుడు ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని బీప్ కొట్టేది. 130 వాట్లకు ఓవర్‌లోడ్ ఏమిటి? కారణం, మా పాతది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ నున్నగా లేచి దిగే సైన్ అలను అనుసరిస్తూ కరెంటు లాగేలా తయారుచేసింది. నిలువుగా లేచి నిలువుగా పడే అలను ఇస్తే ఒక్కసారిగా గుంజుతుంది. ఫ్యాన్‌కీ బల్బుకీ పట్టింపు లేని తేడా ఇది. చవక ఎస్‌ఎంపీఎస్ కూడా దీన్ని పట్టించుకోలేదు. మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టాకే బయటపడింది. విడివిడిగా చూస్తే రెండూ బాగున్న వస్తువులే, జత కలిపితే కుదరలేదు. సర్వర్ పార్టుల కంపాటబిలిటీ అంటే ర్యామ్ స్లాట్, ప్రాసెసర్ సాకెట్ అనే అనుకుంటారు. నా అనుభవంలో అన్నిటికంటే ఖరీదైన కంపాటబిలిటీ ఇదే.

మెయిన్ కరెంటులాగే నున్నటి సైన్ అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కొన్నాం. పాతది మా అమ్మావాళ్ళ ఊరికి పంపేశాం, అక్కడ ఫ్యాన్లకు హాయిగా పనిచేస్తోంది. కొత్తదాని వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంది: ఒకవైపు నార్మల్, ఒకవైపు యూపీఎస్. బిగించడానికి వచ్చినవాళ్ళు నార్మల్‌లో పెట్టి వెళ్ళిపోతారు. యూపీఎస్ వైపు తిప్పితే మారే సమయం బాగా తగ్గుతుంది. ఆ స్విచ్ తిప్పాక ఇంతవరకూ కరెంటు పోయినందుకు సర్వర్ పడిపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు కూడా అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అంకె కదలలేదు. ఆ వారమంతా నేను ఆ అంకెనే చూసుకుంటూ ఉన్నాను. అది కదలకుండా ఉండటం ఎంత ఆనందమో, దాన్ని పెరుగుతుండగా చూసినవాళ్ళకే తెలుస్తుంది.

అయితే యూపీఎస్ మోడ్‌కీ ఒక ఖర్చుంది. అందులో ఇన్వర్టర్ సుమారు 180 నుంచి 260 వోల్టుల మధ్య ఉంటేనే మెయిన్‌ని ఒప్పుకుంటుంది. నార్మల్‌లో అయితే 100 దాకా పడినా సర్దుకుంటుంది. మా వీధిలో మే నెల సాయంత్రాలు 180కి దిగిపోయిన సందర్భాలున్నాయి. అప్పుడు కరెంటు ఉన్నా ఇల్లంతా బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీకి నీళ్ళు ముందుకంటే తొందరగా పోయాల్సి వస్తోంది, దాని ఆయుష్షు కూడా కొంత తగ్గుతుందనే నా అంచనా.

ఇంకో లోటు: ఇంటి ఇన్వర్టర్‌కి యూఎస్‌బీ లేదు. బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కి చెప్పే దారి లేదు. దానికి నేను పెట్టిన ఏర్పాటు చవకైనది, బాగా పనిచేస్తోంది. పాత వైఫై రౌటర్ ఒకటి ఇన్వర్టర్ లేని సాకెట్‌కి తగిలించాను. సర్వర్ నిమిషానికొకసారి దాన్ని పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పలకరిస్తుంది. వరసగా పది నిమిషాలు జవాబు లేకపోతే కాపీ ఆపుకుని, పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. తిరిగి లేవడం దగ్గరే చిక్కు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులుండే చోటు) ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’, అంటే కరెంటు పోయి వస్తే తనే లేచే సెట్టింగ్, పెట్టుకుంటే చాలని అందరూ చెప్తారు. కానీ ఇన్వర్టర్ మీద ఉన్న సర్వర్‌కి కరెంటు పోయిన సంగతే తెలియదు కదా, ప్లగ్‌లో కరెంటు అలాగే ఉంటుంది. అందుకని ఆ సెట్టింగ్ పనిచేయదు. మెయిన్ రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేసి, పాత రౌటర్ మళ్ళీ పలకగానే వేక్ ఆన్ ల్యాన్, అంటే నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌ని లేపే పిలుపు, పంపేలా పెట్టాను. బయోస్‌లో ఈఆర్‌పీ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే స్టాండ్‌బై కరెంటు కూడా ఆగిపోయి ఆ పిలుపు వినపడదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే) రకమైతే పాతదాని కేబుళ్ళు కొత్తదానికి వాడొద్దు. డిస్కు వైపు కనెక్టర్ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. సరిగ్గా పట్టిందని గుచ్చేస్తే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చి డిస్కులు కాలిపోవచ్చు. కొత్త పెట్టెలో వచ్చిన కేబుళ్ళే వాడండి, కాస్త పొట్టిగా ఉన్నా సరే.

అందరూ ఇంత ఖర్చు పెట్టాలా అంటే, నేను అలా అనను. మాది సొంత ఇల్లు, ఇన్వర్టర్ ఎలాగూ పాతబడింది, డిస్కుల్లో ఉన్నవి పరాయివాళ్ళ పెళ్ళిళ్ళు. అందుకని మాకు ఈ ఖర్చు సమంజసంగానే ఉంది. ఇంట్లో ఫోటోలు దాచుకోవడానికి రెండు డిస్కుల చిన్న పెట్టె, వోల్టేజీ బాగుండే వీధి అయితే, చవక ఎస్‌ఎంపీఎస్‌తో కూడా ఏళ్ళు గడిచిపోవచ్చు. అద్దె ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉండి మార్చలేకపోతే, సర్వర్‌ని దాని జోలికి పోనివ్వకుండా నేరుగా మెయిన్ మీద యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు. అది కూడా ప్యూర్ సైన్ అని రాసి ఉన్నదే చూసుకోండి. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ అయినా ఇదే మాట, జనరేటర్ అందుకునే లోపు కొన్ని సెకన్లు పోతాయి.

బావ ఇప్పుడు స్టూడియోలో రెండో సర్వర్ పెడదామంటున్నాడు. అక్కడ ఆల్బమ్ ప్రింటర్లు కూడా అదే లైను మీద ఉన్నాయి. అవి వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. అక్కడ కూడా ఇదే జత కొనమని నేను ఇంకా చెప్పలేదు. ముందు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మీటర్ తీసుకెళ్ళి ఆ సాకెట్‌లో ఎంత వస్తోందో చూసి, తర్వాత పార్టుల లిస్టు రాస్తాం.