హెచ్ఏప్రాక్సీ 2.8 రివ్యూ: తెగిన కనెక్షన్ జాడ దొరికే ప్రాక్సీ

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో కాలేజీల ఫీజు పోర్టళ్లు, హాల్‌టికెట్ సైట్లు నడిపే చిన్న టీములకు ఒక అపాచీ వెబ్ సర్వర్ చాలదు. రెండో, మూడో పెట్టి, వచ్చే రిక్వెస్ట్‌లను వాటికి పంచే ఒక ప్రాక్సీని ముందు నిలబెట్టాలి. ఆ పనికి ఉబుంటు 24.04 లినక్స్‌తో వచ్చే హెచ్ఏప్రాక్సీ 2.8 ఎలా ఉందో చూద్దాం. వేగం గురించి బెంగ అక్కర్లేదు, ఈ స్థాయి ట్రాఫిక్ దానికి లెక్కలోకి రాదు. కనెక్షన్ మధ్యలో తెగితే ఏం చేస్తుందనేదే చూడాల్సింది.

జాడ చెప్పడంలో దీనికి నూటికి నూరు మార్కులు. హెచ్‌టీటీపీలాగ్ ఆప్షన్ పెడితే లాగ్‌లో ప్రతి రిక్వెస్ట్ పక్కన నాలుగు అక్షరాల కోడ్ పడుతుంది. మొదటి అక్షరం ఎవరు తెంచారో, రెండోది ఏ దశలో తెగిందో చెబుతుంది. పెద్ద ‘ఎస్’ ఉంటే సర్వరే తెంచింది లేదా రానివ్వలేదు. చిన్న ‘ఎస్’ ఉంటే సర్వర్ వైపు టైమౌట్ దాటింది. పక్కన ‘హెచ్’ ఉంటే జవాబు హెడర్ల కోసం ఎదురుచూస్తుండగా, ‘క్యూ’ ఉంటే ఇంకా వరుసలో ఉండగానే తెగింది. అందుకే 504 (సర్వర్ గడువులోగా జవాబివ్వలేదనే ఎర్రర్) రాగానే ప్రాక్సీని రీస్టార్ట్ చేయకండి. పక్కన చిన్న ‘ఎస్’, ‘హెచ్’ కనిపిస్తే తప్పు పీహెచ్‌పీలోనో డేటాబేస్‌లోనో వెతకాలి.

ఎక్కువమంది తల పట్టుకునేది అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే 502 (సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) దగ్గర. దాని పక్కన పెద్ద ‘ఎస్’, ‘హెచ్’ ఉంటాయి. అపాచీ ఖాళీ కనెక్షన్‌ను డిఫాల్ట్‌గా 5 సెకన్లే ఉంచుకుంటుంది. హెచ్ఏప్రాక్సీ మళ్లీ వాడుకోవడానికి తన పూల్‌లో ఉంచుకున్న ఖాళీ కనెక్షన్లను 5 సెకన్లకోసారి సగం చొప్పున వదిలించుకుంటుంది కాబట్టి కొన్ని ఆ తర్వాత కూడా మిగిలే ఉంటాయి. అపాచీ మూసేస్తున్న క్షణంలోనే ప్రాక్సీ అదే కనెక్షన్ మీద కొత్త రిక్వెస్ట్ పంపిందంటే జవాబుగా రీసెట్ (కనెక్షన్ తెగిందనే సంకేతం) వస్తుంది. పాత కనెక్షన్లను ఎప్పుడు మళ్లీ వాడాలో చెప్పే హెచ్‌టీటీపీ-రీయూజ్‌ను డిఫాల్ట్ అయిన ‘సేఫ్’లో ఉంచితే బ్రౌజర్ చప్పుడు కాకుండా మళ్లీ ప్రయత్నించగలదు. ఎక్కడో చూసి, మొదటి రిక్వెస్ట్‌కు కూడా పాత కనెక్షన్ వాడే ‘ఆల్వేస్’ పెట్టుకుంటే మాత్రం ఆ దెబ్బ నేరుగా విద్యార్థి స్క్రీన్ మీద పడుతుంది. ‘సేఫ్’కు తిరిగి వచ్చేయండి, అపాచీలో ఖాళీ కనెక్షన్ గడువైన కీప్‌అలైవ్‌టైమౌట్‌ను 20 సెకన్లకు పెంచండి.

ఎప్పుడు మళ్లీ పంపాలో చెప్పే రిట్రై-ఆన్‌లో ఎంప్టీ-రెస్పాన్స్ (ఖాళీ జవాబు) చేర్చడమూ ఒక దారే. కానీ జవాబు రానంత మాత్రాన సర్వర్ పని చేయలేదని కాదు, ఫీజు కట్టే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లే ప్రమాదం ఉంది. పోస్ట్ రిక్వెస్ట్‌లు (ఫారం వివరాలు పంపేవి) మళ్లీ వెళ్లకుండా ఆపే డిజేబుల్-ఎల్7-రిట్రై నియమం రాయకుండా దీన్ని ముట్టుకోవద్దు.

మార్కులు తగ్గేది టైమౌట్ల దగ్గర. క్లయింట్, సర్వర్, కనెక్ట్ టైమౌట్లు రాయకపోయినా ఒక హెచ్చరిక చూపి నడిచిపోతుంది. ఇది స్టార్ట్ కాకుండా ఆపేయాల్సిన తప్పు. రైలు కాజీపేట దాటగానే సిగ్నల్ పోయిన ఫోన్ కనెక్షన్ మూస్తున్నానని చెప్పదు. గడువే లేకపోతే అలాంటివి తూము మూసిన చెరువులో నీళ్లలా పేరుకుపోతాయి. కనెక్ట్ 5 సెకన్లు, క్లయింట్, సర్వర్ 30 చొప్పున మొదలుపెట్టండి. వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచే ఉండే రెండువైపుల కనెక్షన్) ఉంటే టనెల్ టైమౌట్ 1 గంట. టనెల్ పెట్టారంటే క్లయింట్-ఫిన్ (క్లయింట్ వైపు సగం మూసిన కనెక్షన్‌కు గడువు) 30 సెకన్లు కూడా తప్పనిసరి, లేదంటే సగం మూసిన కనెక్షన్ కూడా ఆ గంటసేపూ వేలాడుతుంది.

రీలోడ్ (ఆపకుండా కొత్త కాన్ఫిగ్ ఎక్కించడం) బాగుంది, కొత్తగా వచ్చేవాళ్లకు అంతరాయం తెలియదు. పాత ప్రాసెస్ మాత్రం తన కనెక్షన్లన్నీ ముగిసేదాకా పోదు. రోజుకు పదిసార్లు రీలోడ్ చేసే చోట పాత ప్రాసెస్‌కు గడువు విధించే హార్డ్-స్టాప్-ఆఫ్టర్ పెట్టకపోతే మెమరీ తినేస్తుంది.

సాకెట్లను (తెరిచిన కనెక్షన్లను) చూపే ఎస్ఎస్ కమాండ్‌లో క్లోజ్-వెయిట్ సాకెట్లు ప్రాక్సీ పేరు మీదే పెరుగుతూ పోతున్నాయా? అవతలివాళ్లు మూసినా ఇది మూయడం లేదన్నమాట. కాన్ఫిగ్‌లో టైమౌట్లు సరిగానే ఉంటే బగ్ అని అనుమానించాలి. హెచ్ఏప్రాక్సీని మైనస్ వీ (-v)తో నడిపితే మీ వెర్షన్‌లో తెలిసిన బగ్‌ల పేజీ లింకు కనిపిస్తుంది, ముందు అది చదవండి. అందులో లేకపోతే ప్రాక్సీ లోపలి స్థితి చూపే స్టాట్స్ సాకెట్ నుంచి ‘షో సెస్ ఆల్’, ‘షో ఎఫ్‌డీ’ అవుట్‌పుట్ ఫైల్‌లోకి తీసుకుని, ఆ తర్వాతే రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక ఆ స్థితి మళ్లీ దొరకదు.