గైడా, సలహాదారా? మ్యూజియానికి వచ్చే పిల్లలకు ఏ పని అప్పజెప్పడం మేలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచలో సెలవులొస్తే కొందరు పిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, ఆ రాతిబొక్కలు పెట్టిన గదిలో మేం ఏమన్న పని చేస్తం" అంటారు. రాతిబొక్కలంటే రాయిగా మారిన ఎముకలు. పదహారు నుంచి ఇరవై ఏళ్ల లోపు వాళ్లు. జీతం అడగరు. ఇలా తమంతట తాము వచ్చే పిల్లలతో మ్యూజియం వాళ్లు ఏం చేయించాలి? నేను చూసినంతలో మూడు దారులున్నాయి. సందర్శకులకు వస్తువులు చూపించే గైడ్లుగా పెట్టుకోవచ్చు. ఏడాదికి ఒక్క రోజు పిలిచి అభిప్రాయాలు రాయించుకోవచ్చు. లేదంటే నలుగురైదుగురిని సలహా బృందంగా కూర్చోబెట్టి, ఏది ఎలా ఉండాలో వాళ్లనూ అడిగి నిర్ణయించవచ్చు. మూడింటిలోనూ మా పిల్లలతో పాటు నేనూ ఉన్నాను.

ముందు మా నేల సంగతి చెప్పాలి. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మాది, ఎదురుగా కాళేశ్వరం. మా తాలూకాలోని కోట అనే ఊరి పేరే ఇక్కడి జురాసిక్ కాలపు రాతిపొరలకు పెట్టారు. ఆ పొరల పేరు మీదే కోటాసారస్ అనే డైనోసార్‌కు పేరొచ్చింది, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. ఈ ప్రాణహిత గోదావరి లోయలోనే దొరికిన ఇంకో పెద్ద జంతువు బరాపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. కనీసం ఆరు జంతువులవి, దాదాపు 300 ఎముకలు దొరికాయి. 1975లో దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ గౌరవార్థం 'టాగోరై' అని చేర్చారు. ఇంత పెద్ద సంపద మా పొలాల కిందిదే అయినా, మా పిల్లల్లో చాలామందికి అది పాఠంలో రాదు. బడి మరాఠీలో, ఇల్లు తెలుగులో, పక్క ఊళ్లలో మాడియా అనే ఆదివాసీ భాష.

గైడ్ పని విషయానికొస్తే, దాని విలువను తక్కువ చేయను. పిల్లవాడు నోరు తెరిచి పదిమంది ముందు మాట్లాడటం అక్కడే నేర్చుకుంటాడు. మా తాలూకాలోని వడదం ఫాసిల్ (శిలాజాల) పార్కులో రాయిగా మారిన చెట్టు మొద్దు ముందు నిలబడి, చెట్టు రాయి ఎలా అవుతుందో మూడు భాషల్లో చెప్పే అమ్మాయిని చూశాను. నీళ్లలో కరిగిన ఖనిజం కొద్దికొద్దిగా కర్రలోకి చేరి గట్టిపడుతుందని ఆమె చెబుతుంటే వచ్చినవాళ్లు చేత్తో తడిమి చూశారు. అంతవరకు బాగుంది. కానీ గైడ్‌కు కాగితం మీద రాసిచ్చిన మాటలే చెప్పే హక్కు ఉంటుంది. "ఈ బోర్డు ఎవరికీ అర్థం కావడం లేదు" అని రోజూ పదిసార్లు తెలిసేది ఆమెకే. ఆ తెలిసినదాన్ని చెప్పుకునే చోటు మాత్రం ఆమెకు లేదు. రెండు సెలవులు గడిచాక పిల్లలు మానేస్తారు. ఎందుకు మానేశారంటే "చెప్పిందే చెప్తున్నం సార్" అంటారు.

ఏడాదికొక రోజు పిలవడం గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి ఒక చోటికి మా పిల్లలు పన్నెండుమందిని యువ సలహాదారులంటూ పిలిచారు. శాలువా కప్పి, ఫొటో తీసి, కాగితాల మీద సూచనలు రాయించుకున్నారు. పక్క గదిలో కొత్త బోర్డులు అప్పటికే అచ్చయి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. మా పిల్లల్లో ఒకడు ఆ కవర్ కొద్దిగా తొలగించి చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. వాడి ముఖం నాకింకా గుర్తే. పిల్లల భాగస్వామ్యం మీద రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. కింది మూడు మెట్లూ భాగస్వామ్యమే కాదన్నాడు. అలంకారానికి కూర్చోబెట్టడం, పేరుకు మాత్రమే పిలవడం ఆ కింది మెట్లలోవే. ఈ పద్ధతి కంటే అసలు పిలవకపోవడమే నయం అని నా గట్టి అభిప్రాయం.

ఇక సలహా బృందం. ఒక చిన్న ప్రదర్శన గది బాధ్యత చూసే ఆయన ధైర్యం చేసి, మా పిల్లలు ఆరుగురికి ఒక్క గోడను అప్పజెప్పాడు. బోర్డు ఇంకా అచ్చుకు వెళ్లలేదు. పిల్లలు మొదట అడిగిన ప్రశ్న: "బరాపాసారస్ తొడ ఎంత పొడుగు?" 1.7 మీటర్లు. అంటే 5 అడుగుల 7 అంగుళాలు. సుద్దముక్కతో నేల మీద గీత గీసి, ఒక్కొక్కరూ దాని పక్కన వెల్లకిలా పడుకున్నారు. వాళ్లలో అందరికంటే పొడుగైన అబ్బాయి తల కూడా గీత చివరకు రెండు వేళ్లు తక్కువైంది. అది తొడ ఒక్కటే. మిగతా ఒళ్లంతా ఎంతుంటుందో ఇక చెప్పనక్కర్లేదు.

తర్వాత బోర్డు రాతకొచ్చారు. నేను 'తొడ ఎముక' అని రాసిచ్చాను. బారావీ (పన్నెండో తరగతి) చదివే అమ్మాయి ఒప్పుకోలేదు. "సార్, తొడ బొక్క అని రాయుండ్రి. ఎముక అంటే మా అవ్వకు తెల్వది." కోస్తా వైపు నుంచి వచ్చేవాళ్లు బొక్క అంటే రంధ్రం అనుకుంటారని నేనన్నాను. "వాళ్లు గూడ చదువుకుంటరు సార్, బొమ్మ పక్కనే ఉన్నది కద" అంది. ఆమె మాటే నిలిచింది. గైడ్‌గా ఉన్నన్నాళ్లూ ఆ అమ్మాయి నా ముందు ఒక్కసారి కూడా నన్ను కాదనలేదు.

బయట ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ 1996లోనే టీనేజీ పిల్లల మండలి పెట్టుకుంది. వాకర్‌తో కలిపి నాలుగు మ్యూజియంలు తమ యువ బృందాల్లో ఒకప్పుడు పనిచేసి పెద్దవాళ్లయిన వాళ్లను వెతికి మాట్లాడి, 2015లో అధ్యయనం వెలువరించాయి. ఆ అనుభవం ఏళ్ల తరబడి వాళ్లతో ఉండిపోయిందని అందులో తేలింది. అంతర్జాతీయ మ్యూజియంల మండలి కూడా 2022 ఆగస్టు 24న ప్రాగ్‌లో మ్యూజియం అంటే ఏమిటో చెబుతూ ఆమోదించిన కొత్త నిర్వచనంలో జనం భాగస్వామ్యాన్ని చేర్చింది.

అయితే నగరంలో నడిచినట్టు ఇది మా దగ్గర నడవదు. గడ్చిరోలి జిల్లా కేంద్రమే మాకు 200 కిలోమీటర్ల పైన. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) మీద ఆధారపడాలి, ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. బస్సు టికెట్టు, మధ్యాహ్నం భోజనం మ్యూజియం భరించకపోతే చివరికి సిరొంచ బజారు పిల్లలే మిగులుతారు, అందరూ తెలుగువాళ్లే అవుతారు. మాడియా ఇళ్ల పిల్లలు లేని బృందం ఈ తాలూకా తరఫున మాట్లాడలేదు. బోర్డులో తప్పులు రాకుండా శిలాజాలు తెలిసిన పెద్దవాళ్లు ఒకరు పక్కనుండాలి. లెక్కలు, కాలాలు పిల్లల ఓటుతో తేలేవి కావు. మాట, వరస, ఏది ముందు చూపాలి అన్నది మాత్రం వాళ్లకు వదిలేయాలి.

గైడ్ పని, సలహా బృందం రెండింటిలో ఒకటే నడపగలిగే శక్తి ఉంటే సలహా బృందాన్నే నడపమంటాను, ఆరుగురితో, ఒక్క గోడతో అయినా సరే. రెండూ వీలైతే ఒక సెలవుకాలం గైడ్‌గా తిరగనిచ్చి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ తల తిప్పుకుంటున్నారో వాళ్ల కళ్లతో వాళ్లు చూశాక బృందంలోకి తీసుకోవాలి. ఆ బారావీ అమ్మాయికి అవ్వ గుర్తొచ్చింది కూడా అలా తిరిగినందుకే.

సుద్దగీత మూడు రోజులకే చెరిగిపోయింది. దాన్ని రంగుతో నేల మీద శాశ్వతంగా వేయాలని పిల్లలు తీర్మానించారు. ఇప్పుడు ఆ గీత పక్కన తెలుగు, మరాఠీతో పాటు మాడియా మాట కూడా రాయాలంటున్నారు. ఆ మాట చెప్పే పిల్లవాడు వచ్చే ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాడు.