అపాచీ మెచ్యూరిటీ మోడల్: ఆరేళ్లు వాడాక

బయటివాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, అంటే కొత్త లైబ్రరీ ఏదైనా మా కోడ్‌లోకి రావాలంటే దాన్ని నమ్ముకోవచ్చో లేదో ముందు ఎవరో ఒకరు తేల్చాలి. మా టీమ్‌లో ఆ పని ఆరేళ్లుగా నా నెత్తిన ఉంది. అంతకు ముందు మా పద్ధతి చాలా సులువు. గిట్‌హబ్‌లో స్టార్లు ఎన్ని ఉన్నాయో, చివరి కమిట్ (కోడ్ మార్పు) ఎప్పుడు పడిందో చూసి సరే అనేయడమే. అలా సరే అనేసిన ఒక లైబ్రరీని చూసుకునే మెయింటైనర్ ఉద్యోగం మారి, రిపోజిటరీ వైపు చూడటం మానేశారు. రిలీజ్ చేసే హక్కు మిగతావాళ్లు ఎవరికీ లేదు. ఆ కోడ్‌ని మా దగ్గర కాపీ పెట్టుకుని రెండేళ్లు మేమే మోశాం. ఆ మోత మోస్తున్న రోజుల్లోనే ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ల ప్రాజెక్ట్ మెచ్యూరిటీ మోడల్ నా కంటపడింది.

కోడ్, లైసెన్సులు, రిలీజులు, నాణ్యత, కమ్యూనిటీ, ఏకాభిప్రాయం, స్వతంత్రత అని అందులో ఏడు భాగాలు. ఒక్కో భాగం కింద సీడీ10, ఎల్‌సీ20 లాంటి నంబర్లతో చిన్న చిన్న వాక్యాలు, మొత్తం ముప్పై పైచిలుకు. ఇలా చేసి తీరాలి అనే ఆజ్ఞలు ఉండవు. పరిణతి వచ్చిన ప్రాజెక్టు ఎలా ఉంటుందో వర్ణించి వదిలేస్తుంది. అపాచీలో ఇంక్యుబేటర్ దశలో, అంటే కొత్తగా చేరి ఇంకా కుదురుకుంటున్న ప్రాజెక్టులు తమను తాము చూసుకోవడానికి వాడే అద్దం ఇది. నేను దాన్ని బయటి ప్రాజెక్టుల వైపు తిప్పి వాడుతున్నాను.

మొదట్లో నేను చేసిన తప్పు దాన్ని పరీక్ష పేపర్‌లా చూడటం. వరుసలన్నీ ఎక్సెల్ షీట్‌లోకి దించుకుని, ఒక్కోదానికి ఒక మార్కు వేసి, మొత్తం కూడి మేనేజర్‌కి పంపేవాణ్ని. మీటింగుల్లో ఆ అంకెకి మంచి గిరాకీ. రెండో ఏడాది ఒక ప్రాజెక్టుకి మూడు వరుసలు తప్ప అన్నిటికీ మార్కులు పడ్డాయి. డాక్యుమెంటేషన్ ముచ్చటగా ఉంది, రిలీజులు ఠంచనుగా వస్తున్నాయి, కమిటర్లు, అంటే కోడ్ మార్చే హక్కున్నవాళ్లు, 11 మంది. ఆ 11 మంది ఈమెయిళ్లూ ఒకే కంపెనీవి. మోడల్‌లో ఐఎన్10 అనే వరుస సరిగ్గా దీన్నే అడుగుతుంది: ప్రాజెక్టు ఏ కంపెనీ ప్రభావానికీ లోబడకుండా ఉందా అని. నేను అక్కడ సున్నా వేశాను, నిజమే. కానీ ముప్పై చిల్లర వరుసల్లో ఒక్క సున్నా ఎవరి కంటికి ఆనుతుంది? కొన్నాళ్లకి ఆ కంపెనీ ఆ టీమ్‌ని వేరే పని మీదికి మార్చింది. ఆ వారంతోనే కమిట్లు ఆగిపోయాయి. నేను కూడికలు మానేసింది అప్పటి నుంచే.

కోడ్ భాగం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్ వచ్చాక కోడ్ చరిత్ర దాచడం ఎవరికీ చేతకాదు, దాదాపు అందరూ పాసైపోతారు. లైసెన్సుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఈ రోజు ఏ లైసెన్స్ ఉందన్నది సగం ప్రశ్నే. రేపు దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మిగతా సగం. చాలామంది వాడే ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫామ్ 2023లో, రెడిస్ 2024లో ఓపెన్ సోర్స్ కాని లైసెన్సులకు మారాయి. మూడు చోట్లా నిర్ణయం ఒక్క కంపెనీదే. వాటి పాత కోడ్‌తో విడిగా మొదలైన ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ మూడూ ఇప్పుడు లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఉన్నాయి. తర్వాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ని జత చేసి ఓపెన్ సోర్స్ వైపు తిరిగి వచ్చాయి కానీ, ఆ మధ్య కాలంలో వాడేవాళ్లు పడ్డ టెన్షన్‌ని ఎవరు వెనక్కి తీసుకుంటారు? అందుకే నేను లైసెన్స్ వరుసల్నీ స్వతంత్రత వరుసల్నీ పక్కపక్కన పెట్టుకునే చదువుతాను.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆర్‌ఈ50. ప్రాజెక్టుకి కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా రిలీజ్‌ని పూర్తిగా తయారు చేయగలిగేలా పద్ధతి రాసి ఉండాలి అంటుంది అది. దీన్ని చదివి టిక్ పెట్టకూడదు, చేసి చూడాలి. ఒక శనివారం పొద్దున్నే ఒక ప్రాజెక్టు రిలీజ్ గైడ్ తెరిచి, ఒక్కో స్టెప్పూ చేసుకుంటూ పోయాను. ఆరో స్టెప్పు దగ్గర స్క్రిప్ట్ ఆగిపోయింది. ఫైల్ దొరకలేదట. స్క్రిప్ట్ తెరిచి చూస్తే, ఆ ఫైల్ దారి ఎవరిదో సొంత ల్యాప్‌టాప్‌లోని హోమ్ డైరెక్టరీ, యూజర్ పేరుతో సహా. అంటే ఏళ్ల తరబడి రిలీజులన్నీ ఆ ఒక్క మెషీన్ మీదే తయారయ్యాయి. ఇంకెవరూ ఆ స్క్రిప్ట్‌ని ఒక్కసారైనా నడపలేదు. వెబ్‌సైట్‌లో మాత్రం రిలీజ్ మేనేజర్లు నలుగురని ఉంది! ఇష్యూ పెడితే గంటలో జవాబొచ్చింది, అది తన పాత ల్యాప్‌టాప్ అని, ఇప్పుడే సరిచేస్తానని. మంచి మనిషే. కానీ ఆ మంచి మనిషి ఒక్కరే ఉన్నారని ఆ శనివారం తెలిసింది.

ఇప్పుడు మార్కులకు బదులు ప్రతి వరుసకీ రుజువుగా ఒక లింకు అతికిస్తాను. ఏకాభిప్రాయం భాగానికి అతికించే లింకు కోసం నేను ఆ ప్రాజెక్టులో జరిగిన గొడవలు వెతుకుతాను. అందరూ ఒకే మాట మీద ఉన్నప్పుడు ఏ పాలనా పద్ధతైనా బాగానే కనిపిస్తుంది. ఒక ప్రాజెక్టులో పెద్ద పుల్ రిక్వెస్ట్‌కి (కోడ్ మార్పు ప్రతిపాదనకి) ఒక సభ్యుడు మైనస్ వన్, అంటే వద్దని ఓటు వేశారు. ఊరికే వెయ్యలేదు, ఏ పరిస్థితిలో డేటా పోతుందో చూపించే టెస్ట్ కూడా జత చేశారు. మూడు వారాలు వాదించుకున్నాక ఆ మార్పు రాసినతనే దాన్ని తిరగరాశాడు. ఆ మొత్తం ఈ రోజుకీ చదువుకోవచ్చు. ఇంకో చోట ఇలాంటి ప్రతిపాదనకే ‘మాట్లాడుకున్నాం, వద్దనుకున్నాం’ అని ఒక్క లైను రాసి మూసేశారు. ఎవరు మాట్లాడుకున్నారు? ఎక్కడ? ముఖ్యమైన చర్చ రాతలో, అందరికీ కనిపించే చోట జరగాలని సీఎస్50 అడిగేది ఇందుకే. పైథాన్ సంగతి చూడండి. 2018 జులైలో ఆ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ వారసుణ్ని చెప్పకుండానే తప్పుకున్నారు. పాలన ఎలా ఉండాలో పోటీ ప్రతిపాదనలు రాసుకుని, ఓటు వేసుకుని, 2019 కల్లా ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ని ఎన్నుకున్నారు. ఆ ప్రతిపాదనలన్నీ పెప్‌ల (పైథాన్ ప్రతిపాదన పత్రాల) రూపంలో ఉన్నాయి.

ఇక లోపాలు. మనుషుల అలసట ఈ మోడల్‌కి కనిపించదు. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, మెయింటైనర్ రాత్రిళ్లు మేలుకుని పనిచేస్తున్నారా అని అడిగే వరుసే లేదు. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే లైబ్రరీ ఉదంతం చదివాక ఈ లోటు నాకు మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ప్రాజెక్టుని ఒంటి చేత్తో నడుపుతున్న మెయింటైనర్ అలసిపోయి ఉన్నప్పుడు ఒక కొత్త పేరు ప్రత్యక్షమై, రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపి, హక్కులు సంపాదించి, 5.6.0, 5.6.1 రిలీజుల్లో దొంగ తలుపు పెట్టింది. 2024 మార్చిలో, దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ కూపీ లాగితే అది బయటపడింది. పనిచేసి నమ్మకం సంపాదించుకున్నవాళ్లకి హక్కులు ఇవ్వాలన్నదే మోడల్ చెప్పే సూత్రం. ఆ పేరు వెనక ఉన్నవాళ్లు సరిగ్గా ఆ మెట్లే ఎక్కారు. అయితే మోడల్‌కి ఇంకో న్యాయం కూడా చెయ్యాలి. ఆ దొంగ తలుపుని తెరిచే ముక్క గిట్‌లో లేదు, రిలీజ్‌గా ఇచ్చే మూటలో (టార్‌బాల్‌లో) మాత్రమే ఉంది. ఏ రిలీజ్‌నైనా కోడ్ చరిత్ర నుంచి మళ్లీ తయారు చేసుకోగలగాలి అన్న సీడీ40ని ఎవరైనా నిజంగా చేసి చూసి ఉంటే, రెండిటికీ తేడా దొరికేది.

పరిణతి ఉంటే లోపాలు ఉండవనీ కాదు. 2021 డిసెంబర్‌లో లాగ్4షెల్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడ్డ లాగ్4జే అపాచీ ప్రాజెక్టే. కాకపోతే అక్కడ బాధ్యత తీసుకునే కమిటీ ఉంది. 2.15.0తో మొదలుపెట్టి 2.17.1 దాకా, ఆ నెల తిరగకుండానే వరసగా రిలీజులు వచ్చాయి. ఒక్కో రిలీజ్‌కీ మళ్లీ మొదటి నుంచి అప్‌గ్రేడ్ చేస్తూ మేం తిట్టుకున్న మాట కూడా నిజం.

దీనికి తోడుగా, ఓపెన్ సోర్స్ భద్రత కోసం పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ వాళ్ల స్కోర్‌కార్డ్ కూడా నడుపుతాను. అది మెషీన్ ఇచ్చే 0 నుంచి 10 మార్కు. అందులో నిర్వహణ తనిఖీ గత 90 రోజుల కదలికను చూస్తుంది, అందుకే పని పూర్తయి ప్రశాంతంగా కూర్చున్న చిన్న లైబ్రరీకి అన్యాయం జరుగుతుంది. తొలి వడపోతకి చాలు.

ఇప్పుడు నా షీట్‌లో మార్కుల కాలమ్ లేదు. ప్రతి వరుస ఎదురుగా ఒక లింకు ఉంటుంది, లేదా ఖాళీ. ఒక ప్రాజెక్టుకి సగం రోజు పడుతుంది. రెండొందల లైన్ల చిన్న లైబ్రరీకి ఇంత తంతు దండగ, దాన్ని మనమే రాసుకోవచ్చు. డేటాబేస్, మెసేజ్ క్యూ లాంటి, ఒకసారి పెడితే పదేళ్లు పీకలేని వాటికి మాత్రం నేను ఇది లేకుండా సంతకం పెట్టను. ఏడాదికోసారి పాత షీట్లు తిరగేస్తాను కూడా. పోయిన నెల అలా చూస్తుంటే, నేను నిరుడు నిశ్చింతగా ఒప్పుకున్న ఒక ప్రాజెక్టులో ఐదుగురు కమిటర్లలో ముగ్గురు ఇప్పుడు ఒకే కంపెనీలో ఉన్నారు. ఐఎన్10 ఎదురుగా ఉన్న లింకు తీసేశాను. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలని క్యాలెండర్‌లో పెట్టుకున్నాను.