5ఈ3 ట్యూబ్ ఆంప్ కిట్ రివ్యూ: సర్క్యూట్ వరకు కొనండి, డబ్బా మాత్రం మీరే చేసుకోండి

వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే ఆంప్లిఫయర్) సొంతంగా కట్టుకుందాం అనుకునేవాళ్ళు చాలామంది మొదట 5ఈ3 కిట్ దగ్గరే ఆగుతారు, నేనూ అదే తీసుకున్నా. ఫెండర్ వాళ్ళ ట్వీడ్ డీలక్స్ ఆంప్ ఉంది కదా, అందులో 1950లలో వచ్చిన రకం సర్క్యూట్ నంబరే ఇది. ఎవరి దగ్గర కొన్నా లోపల సరుకు దాదాపు ఒకటే, ముందు 12ఏవై7 ట్యూబ్, తర్వాత 12ఏఎక్స్7, అవుట్‌పుట్‌కి రెండు 6వీ6లు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3, మొత్తం ఐదు ట్యూబులు, 12 నుంచి 15 వాట్ల దాకా వస్తుంది. వాట్లు చూసి తక్కువ అనుకోకండి, ఇంట్లో ఫుల్‌గా పెడితే కిటికీలు అదురుతాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా, ఎలక్ట్రానిక్స్ కిట్ ధైర్యంగా కొనండి, దాంతో కలిపి ఇచ్చే క్యాబినెట్, స్పీకర్ మాత్రం వద్దు.

మంచి విషయాలు ముందు. రెసిస్టర్లు, కెపాసిటర్లు విలువల వారీగా చిన్న కవర్లలో పెట్టి పేర్లు రాసి ఇచ్చారు, పార్ట్స్ సోల్డర్ చేసే టరెట్ బోర్డు గట్టిగా ఉంది, చాసిస్‌కి, అంటే లోపలి మెటల్ పెట్టెకి, రంధ్రాలన్నీ సరైన చోటే ఉన్నాయి. లేఅవుట్ బొమ్మ పెద్దగా, రంగుల్లో ఉంది కాబట్టి సోల్డరింగ్ కాస్త వచ్చినవాళ్ళు ఎవరైనా చూసుకుంటూ చేసేయొచ్చు. ట్యూబులని వేడి చేసే హీటర్ వైర్లు రెండూ గట్టిగా మెలిపెట్టి చాసిస్ మూలకి ఆనించి తీసుకెళ్ళమని మాన్యువల్లో బాగా నొక్కి చెప్పారు, అది చాలా ముఖ్యం, ఎందుకంటే వాటిల్లో నడిచేది 6.3 వోల్టుల ఏసీ, సిగ్నల్ వైర్ల పక్కన వదులుగా పడి ఉంటే ఆ గుయ్య్ మనే హమ్ ఎప్పటికీ పోదు.

ఇక కోపం వచ్చిన విషయాలు. ట్యూబుల సిగ్నల్‌ని స్పీకర్‌కి అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్ల రంగులు మాన్యువల్లో ఒకలా, చేతికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇంకోలా ఉన్నాయి! మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్యలోంచి తీసిన వైరు) ఏదో పట్టుకోవాల్సి వచ్చింది. ఈ సర్క్యూట్‌లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత తిప్పి వెనక్కి పంపడం) లేదు కాబట్టి ప్రైమరీ (ట్యూబుల వైపు చుట్ట) చివర్లు రెండూ అటూఇటూ అయినా పర్లేదు, ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్ అయితే స్విచ్ వేయగానే కీచుమని అరిచేది. ఇంకోటి, మాన్యువల్లో వోల్టేజ్ చార్ట్ లేదు, కొత్తగా కట్టేవాడికి తన పని కరెక్టా కాదా అని తెలిసేదే ఆ చార్ట్ వల్ల. కనీసం ఇది చూసుకోండి, 6వీ6ల క్యాథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు వదిలే భాగం) దగ్గర 250 ఓమ్‌ల రెసిస్టర్ మీద 20 వోల్టుల చుట్టుపక్కల రావాలి, అంటే రెండు ట్యూబులకీ కలిపి 80 మిల్లీ ఆంప్స్. మరీ ఎక్కువ వస్తోందంటే ఆపేసి వెతకండి.

సేఫ్టీ గురించి మాన్యువల్లో ఒక్క పేరా రాసి వదిలేశారు, అది అస్సలు సరిపోదు. లోపల 350 వోల్టులు దాటి డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా, డీసీని సాఫుగా చేసే ఫిల్టర్ కెపాసిటర్లు దాన్ని పట్టుకుని ఉండొచ్చు. మీటర్ పెట్టి సున్నాకి దగ్గరగా వచ్చిందని చూశాకే లోపల చెయ్యి పెట్టండి, రాకపోతే రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేయండి. మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు పాత రకం ఫిలమెంట్ బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టండి, ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. స్పీకర్ తగిలించకుండా మాత్రం ట్యూబ్ ఆంప్ వాయించొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బా. వీళ్ళిచ్చే రెడీమేడ్ క్యాబినెట్‌లో స్పీకర్ బిగించే బాఫుల్ పలక ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కిన అట్టతో చేసింది, బరువు తప్ప ఇంకేం లేదు, స్క్రూ రెండుసార్లు తిప్పితే రంధ్రం పొడి రాలుతుంది. పాత ట్వీడ్ డబ్బాలు ముప్పావు అంగుళం పైన్ చెక్కతో, మూలల్లో వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టుండే ఫింగర్ జాయింట్లతో చేసేవాళ్ళు, బాఫుల్ పల్చటి ప్లైవుడ్. పెట్టె మొత్తం గిటార్‌తో పాటు కొద్దిగా కంపిస్తుంది, ఆ సౌండ్‌లో దానికీ వాటా ఉంది. హైఫై స్పీకర్ అయితే డబ్బా కదలకూడదు, కానీ ఇది గిటార్‌లాగే ఇంకో వాయిద్యం. అందుకే నేను పైన్ తెచ్చి, 12 అంగుళాల స్పీకర్‌కి సుమారు 11 అంగుళాల గుండ్రం కోసి, వెనక సగం తెరిచి ఉంచి కట్టుకున్నా. ఓపెన్ బ్యాక్‌లో కోన్ వెనక వైపు గాలి కూడా బయటికొస్తుంది, బాస్ కొంత తగ్గుతుంది కానీ గది అంతా నిండుతుంది, క్లోజ్డ్ బ్యాక్ అయితే ముందుకు గట్టిగా తోస్తుంది, బిగువైన రిథమ్ వాయించేవాళ్ళకి అదే బాగుంటుంది. సౌండ్‌ని విడగొట్టే క్రాస్ఓవర్లూ, సన్న సౌండ్ ఇచ్చే ట్వీటర్లూ ఏం అక్కర్లేదు, గిటార్ స్పీకర్‌లో 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్ తనంతట తనే పడిపోతుంది, ఆ పడిపోవడం వల్లే డిస్టార్షన్ (పగిలినట్టు వచ్చే సౌండ్) చెవికి ఇంపుగా ఉంటుంది.

స్పీకర్ కొనేటప్పుడు అందరూ వాట్లే చూస్తారు, సెన్సిటివిటీ (ఒక్కో వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా చూడండి. 97 డెసిబెల్ స్పీకర్ తీసి 100 డెసిబెల్‌ది పెడితే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత తేడా, ఒక్క వాట్ కూడా పెంచకుండా! కిట్‌తో వచ్చింది పేపర్ మీద 30 వాట్లు, వింటే దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. దాని బదులు సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ 8 ఓమ్‌లది పెట్టా, 25 వాట్లు తట్టుకుంటుంది కాబట్టి ఈ ఆంప్‌కి సరిపోతుంది. అదే ఆంప్, అవే ట్యూబులు, కానీ మిడ్స్ (మధ్య స్వరాలు) ఒక్కసారిగా ముందుకొచ్చాయి. ట్వీడ్ అసలు రుచి కావాలంటే మాత్రం జెన్సెన్ పీ12 రకం, ఆల్నికో అయస్కాంతం ఉన్న స్పీకర్ వైపు వెళ్ళండి. ఓమ్‌లు ఆంప్ జాక్‌తో కలిసేలా చూసుకోండి, రెండు 16 ఓమ్‌లవి పారలల్‌లో పెడితే 8 అవుతుంది. ఆంప్‌కీ డబ్బాకీ మధ్య గిటార్ కేబుల్ వాడొద్దు, మందపాటి స్పీకర్ వైరే వాడండి.

సౌండ్ అయితే ఎంత చెప్పినా తక్కువే. వాల్యూమ్ సగం లోపు క్లీన్‌గా తియ్యగా ఉంటుంది, అది దాటాక నోట్ కొట్టగానే కొద్దిగా కుంగి మళ్ళీ లేస్తుంది, గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే మళ్ళీ క్లీన్ అయిపోతుంది, పెడల్ అన్నది గుర్తే రాదు. రెండు చానెల్స్ వాల్యూమ్‌లూ ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి, అంటే మీరు వాడని చానెల్ నాబ్ తిప్పినా టోన్ మారుతుంది, కాసేపు కూర్చుని ఆ రెండిటినీ తిప్పుతూ వినండి, ఈ ఆంప్‌లో సగం అందం అక్కడే ఉంది. కొంతమంది మొదటి సాకెట్లో 12ఏవై7 తీసేసి 12ఏఎక్స్7 పెడతారు, గెయిన్ (సిగ్నల్ పెంచే శక్తి) బాగా పెరుగుతుంది, పెట్టి చూశా, సౌండ్ త్వరగా చిట్లిపోయి డిస్టార్ట్ అవుతుంది, క్లీన్‌కి చోటే ఉండదు. బ్లూస్ వాయించే నాకు 12ఏవై7 చాలు, రాక్ వాళ్ళు మాత్రం ఒకసారి మార్చి వినండి, అచ్చు అదే సాకెట్లో దూరుతుంది, సోల్డర్ పని ఏం ఉండదు.