వీలునామా రాయాలా, ట్రస్టు పెట్టాలా?

బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురం పక్కన పొలం ఉన్న మన పెద్దలకు నేనైతే వీలునామానే చెబుతాను. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల చేత కూడా సంతకం చేయిస్తే చాలు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు; అయినా చేయించండి, రేపు సంతకం మీద తగవు తగ్గుతుంది. అటు ఒడిశా, ఇటు ఆంధ్ర, రెండు రాష్ట్రాల ఆస్తికీ ఒకే కాగితం సరిపోతుంది. బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు.

ట్రస్టు అంటే మన ఆస్తిని ఒకరి చేతికి అప్పగించి, మనం చెప్పినవారి మేలు కోసం నడిపించడం; ఆ నడిపే మనిషే ధర్మకర్త. దీనికి ఖర్చెక్కువ. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ప్రకారం, జీవించి ఉండగా స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే పత్రం రిజిస్టరు చేయాల్సిందే. రద్దు చేసుకునే హక్కు కావాలంటే అందులోనే స్పష్టంగా రాసుకోవాలి.

కానీ ఇంట్లో తన బాగోగులు తాను చూసుకోలేని బిడ్డ ఉంటే మాత్రం ట్రస్టే మేలు. మీరు మంచాన పడ్డా ధర్మకర్త ఆ బిడ్డ ఖర్చులు చూస్తాడు. వీలునామా మీ తదనంతరమే అమల్లోకి వస్తుంది.