సెయిల్ చిరిగితే పారేయకండి, ముందు ఈ స్టిక్కీ డాక్రాన్ రోల్ సంగతి చూడండి

హుస్సేన్ సాగర్‌లో పిల్లల్ని సెయిలింగ్‌కి పంపే పేరెంట్స్ చాలామంది అడుగుతున్నారు, సెయిల్ (పడవ తెరచాప) చిరిగితే కొత్తది కొనాల్సిందేనా, అతుకు వేస్తే ఆగుతుందా అని. నేను వాడేది స్టిక్కీ బ్యాక్ డాక్రాన్. సెయిల్ కుట్టే పాలిస్టర్ బట్టకే ఒకవైపు జిగురు పూసి, దానిమీద కాగితం అంటించి రోల్‌గా అమ్ముతారు. నేను చెప్పేది ఒక్కటే, సెయిల్ బట్టలో ఇంకా బలం ఉంటే ఇది అద్భుతంగా పనిచేస్తుంది, బట్ట చివికిపోయి ఉంటే మాత్రం ఎంత మంచి రోల్ తెచ్చినా డబ్బు దండగే.

అందుకే రోల్ ఆర్డర్ పెట్టే ముందు సెయిల్‌ని చూసుకోండి. చిరుగు పక్కన బట్టని రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టుకుని లాగండి, గట్టిగా నిలబడితే ఓకే, పర్రున చిరిగిందంటే ఎండకి దాని పని అయిపోయినట్టే, ప్యాచ్ బానే ఉంటుంది గానీ దాని పక్కనే ఇంకో చీలిక మొదలవుతుంది. కుట్టు దారాన్ని కూడా గోటితో గీకి చూడండి, పొడిలా రాలితే ముందు కుట్లు మళ్ళీ వేయించాలి. చాలా సెయిల్స్‌లో బట్ట కంటే ముందు పోయేది దారమే.

మొన్న వానాకాలం ప్రాక్టీస్‌లో ఒక పాప ఆప్టిమిస్ట్ (పిల్లలు ఒక్కరే నడిపే చిన్న బోటు) పక్క బోటుకి తగిలి సెయిల్‌లో బ్యాటన్ పాకెట్ (సెయిల్ బిగువుగా ఉండటానికి పుల్ల దూర్చే జేబు) కింద జానెడు చీలిక పడింది, ఎల్ ఆకారంలో. "అంకుల్, ఎల్లుండి రేస్‌కి రెడీ అయితదా" అంటే అయితదమ్మా అన్నాను, ఎందుకంటే రెండు రోజుల టైమ్ ఉంది, ఈ జిగురుకి కావాల్సిందే అది. సెయిల్‌ని మంచినీళ్ళతో కడిగి (మన సాగర్ నీళ్ళలో ఉప్పు లేకపోయినా బురద, నూనె జిడ్డు బాగా పడతాయి, వైజాగ్ వాళ్ళకైతే ఉప్పు, అది ఇంకా మొండిది, తడిని లాగుతూనే ఉంటుంది) నీడలో పూర్తిగా ఆరబెట్టాం. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ఇస్తారు. తెల్లగా కనిపించే సెయిల్ మీద తుడిచిన గుడ్డ మూడోసారికి కూడా బూడిద రంగులోకి మారింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి, ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వేస్ట్.

చదునైన టేబుల్ మీద పరిచి చిరుగు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా దగ్గరికి చేర్చి, వెనకవైపు మామూలు టేప్ ముక్కలతో ఆపాం. ప్యాచ్‌ని చిరుగు కంటే అన్నివైపులా 2 అంగుళాలు ఎక్కువ వచ్చేలా కత్తిరించాలి, మూలలు గుండ్రంగా. మూల కోణంగా ఉంటే గాలికి సెయిల్ కొట్టుకున్నప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. ఇంకోటి, ప్యాచ్ పడుగు పేకలు సెయిల్ పడుగు పేకలతో కలవాలి, అడ్డదిడ్డంగా పెడితే బట్ట ఒకలా సాగుతుంది, ప్యాచ్ ఇంకోలా, చుట్టూ ముడతలు పడతాయి. కాగితం మొత్తం ఒకేసారి పీకొద్దు, మధ్యలో కొంచెం చీల్చి అక్కడ అంటించి బయటికి పోతూ పోతూ లాగాలి. అంటించాక స్టీల్ చెంచా వీపుతో గట్టిగా రుద్దాలి, నేత గళ్ళు ప్యాచ్ మీద అచ్చు పడినట్టు కనిపించేదాకా, ఎందుకంటే ఇది ఒత్తిడికి పట్టుకునే జిగురు, చేత్తో తట్టి వదిలేస్తే సగం పట్టే పడుతుంది. తర్వాత వెనకవైపు టేప్ తీసేసి అక్కడ ఇంకో ప్యాచ్, కొంచెం పెద్దది, రెండిటి అంచులు ఒకే గీత మీదికి రాకుండా. పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేశాం. రేస్‌లో గాలి బాగా వచ్చినా అంచు కూడా లేవలేదు, ఆ పాప నవ్వు చూస్తే ఆ చాకిరీ అంతా మర్చిపోయాను.

కష్టం ఏంటంటే సెయిల్స్ ఎక్కువ చిరిగేది గాలి బాగుండే జూన్, జూలైలోనే, ఏదీ సరిగ్గా ఆరనిది కూడా అప్పుడే. తడి చేత్తో తాకినా జిగురు పట్టదు. హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టి దూరం నుంచి కొడితే బాగా హెల్ప్ అవుతుంది.

హెడ్ (పై మూల), ట్యాక్ (కింద ముందు మూల), క్లూ (కింద వెనక మూల), ఇలా సెయిల్ మూలల దగ్గర మాత్రం జిగురు ఒక్కదాన్నే నమ్మొద్దు. లోడ్ ఎక్కువగా అక్కడే పడుతుంది, ప్యాచ్ వేసి చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వేయించాల్సిందే. లీచ్ (సెయిల్ వెనక అంచు) దాకా వచ్చిన చిరుగుకి కూడా అంతే. 29er లాంటి ఇద్దరు నడిపే వేగమైన బోట్ల జెన్నకర్ (ముందు ఎగరేసే పెద్ద సెయిల్) పల్చటి నైలాన్, దానికి డాక్రాన్ బరువైపోతుంది, రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన బట్ట) టేప్ వేరే దొరుకుతుంది, అది తీసుకోండి. విండ్‌సర్ఫింగ్ సెయిల్‌లో గాజులా కనిపించే ఫిల్మ్‌కి దాని సొంత పారదర్శక టేప్ ఉంది. సెయిల్ మీద నంబర్లు కత్తిరించే స్టిక్కర్ బట్ట మిగిలితే దాన్ని ప్యాచ్‌గా వేసేవాళ్ళున్నారు, చిన్న రంధ్రానికి పర్లేదు గానీ చీలికకి సరిపోదు. డక్ట్ టేప్ గురించి అడగొద్దు ప్లీజ్, ఎండకి బంక కారి బట్టలోకి దిగిపోతుంది, తర్వాత దానిమీద ఏ ప్యాచ్ సరిగ్గా అంటదు. నీళ్ళ మధ్యలో ఉండి ఒడ్డు చేరడానికి తప్ప దాన్ని వాడకండి.

కొనడంలో ఒక జాగ్రత్త. నాకు ఒక ఆన్‌లైన్ సెల్లర్ పంపిన రోల్ ఎంతకాలం గోడౌన్‌లో పడుందో గానీ కాగితం తీస్తే జిగురు కాగితంతోనే వచ్చేసింది, రిటర్న్ కూడా తీసుకోలేదు. అందుకే రాగానే చివర్లో చిన్న ముక్క కత్తిరించి పాత సెయిల్ మీద అంటించి మర్నాడు పీకి చూడండి. షిప్పింగ్ కలిపితే ఖరీదు ఎక్కువనిపిస్తుంది, ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ కలిసి ఒక రోల్ తెప్పించుకుంటే సరిపోతుంది. 3 అంగుళాల వెడల్పుది చిన్న రంధ్రాలకే, చీలికకి అటు 2 ఇటు 2 వదలాలంటే 6 అంగుళాలదే కావాలి, ఒకటే కొంటే అదే కొనండి. కారు డిక్కీలో మాత్రం పెట్టకండి, మన ఏప్రిల్, మే వేడికి జిగురు పాడైపోతుంది, ఇంట్లో అల్మారాలో చుట్ట విప్పకుండా కవర్‌లో ఉంచితే చాలు.