గ్రీన్ బిల్డింగ్ పాఠం ఎక్కడ మొదలవ్వాలి: విడి పేపరులోనా, స్టూడియోలోనా, మీటరు దగ్గరా?

ఆర్కిటెక్చర్, సివిల్ కోర్సుల్లో పర్యావరణానికి భారం కాని భవనాల గురించి చెప్పాలన్న దాంట్లో ఇప్పుడు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎలా చెప్పాలన్న దగ్గరే. విడిగా ఒక ఎలక్టివ్ (ఎంచుకుని చదివే పేపరు) పెట్టి, భవనం పర్యావరణానికి ఎంత మేలో పాయింట్లు వేసి చెప్పే రేటింగ్ పద్ధతులు నేర్పడం ఒక దారి. విద్యార్థులు ప్లాన్లు గీసే తరగతి, అంటే డిజైన్ స్టూడియోలోనే కలిపేయడం రెండో దారి. పిల్లల చేత కొలిపించి, పోత పోయించి, వీలైతే కట్టించి నేర్పడం మూడోది. నేను మూడో దారిలో మొదలుపెట్టి రెండో దాంట్లో కలపాలనే పక్షం. మొదటిది చివరి సంవత్సరంలో ఉంటే చాలంటాను.

విడి పేపరుకున్న బలాన్ని కాదనలేం. సిలబస్‌లో చోటు ఖాయం, పరీక్ష ఖాయం, విషయం తెలిసిన మాస్టారు ఒక్కరున్నా బండి నడుస్తుంది. బ్రిటన్‌లో 1990లో మొదలైన బ్రీమ్, ఆ తర్వాత అమెరికాలో వచ్చిన లీడ్ లాంటి రేటింగులు స్థలం, నీరు, కరెంటు, సామగ్రి, లోపలి గాలి అన్నిటినీ ఒక్కచోట చూపిస్తాయి. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు ఆ భాష తెలియాలి కూడా. చిక్కేమిటంటే, లీడ్‌లో మొత్తం 110 పాయింట్లు, 40 వస్తే సర్టిఫికెట్, 80 వస్తే అన్నిటికన్నా పై మెట్టు ప్లాటినం అని తెలిసిన మరుక్షణం విద్యార్థి బుర్ర పాయింట్ల వేటలో పడుతుంది. సైకిల్ స్టాండుకు ఒక పాయింటు తేలిగ్గా వస్తుందని ముందు అది గీస్తారు. ఎండ వేడిని లోపలికి తెచ్చే, పడమటి గోడ నిండా పరిచిన అద్దాల సంగతి అలాగే ఉండిపోతుంది. పేపరు పాసై స్టూడియోకి వెళ్ళాక మళ్ళీ పాత పద్ధతే. ఈ గదిలో విన్నదానికీ ఆ గదిలో గీసేదానికీ లంకె ఉండదు.

కొలత ఎందుకు ముందుండాలో ఓబర్లిన్ కాలేజీ కథ చెబుతుంది. అమెరికాలోని ఒహాయోలో ఉన్న ఈ కాలేజీ, పర్యావరణ విద్యకు కట్టడమే పాఠం కావాలని 2000లో ఆడమ్ జోసెఫ్ లూయిస్ సెంటర్‌ను తెరిచింది. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు, మురుగునీటిని మొక్కల సాయంతో శుద్ధిచేసే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. అదే కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జాన్ స్కోఫీల్డ్ మీటర్ల లెక్క తీసి, అనుకున్నదానికన్నా కరెంటు చాలా ఎక్కువ ఖర్చవుతోందని చూపించారు. వాదన గట్టిగానే జరిగింది. మార్పులు చేశారు, 2006లో పార్కింగ్ స్థలం మీద మరిన్ని ప్యానెళ్ళు వచ్చాయి. నా దృష్టిలో ఆ భవనం నేర్పిన అసలు పాఠం ఆ వాదనే. డ్రాయింగు మీద రాసిన అంకె ఒక మాట, మీటరు చెప్పేది ఇంకో మాట. ఈ తేడాను విద్యార్థి మొదటి సంవత్సరంలోనే కళ్ళారా చూడాలి.

2005లో ఆ కాలేజీ హాస్టళ్ళ మధ్య పొదుపు పోటీ పెట్టారు. వాడకం ఎంతో విద్యార్థులకు చూపిస్తూ పోటీ నడిపితే కరెంటు 32 శాతం తగ్గింది, నీరు మాత్రం 3 శాతమే. దీన్నుంచి నేను తీసుకునేది ఒకటుంది: పోస్టర్లు అంటించి, అలవాట్లు మార్చుకోమని చెప్పి నీటిని పెద్దగా ఆపలేం. కుళాయి, ట్యాంకు, గొట్టం, ప్లాను, వీటిలోనే ఆపాలి. అందుకే నీటితోనే మొదలుపెట్టమంటాను. నీటిని కొలవడానికి ల్యాబు కూడా అక్కర్లేదు.

కాలేజీలోనే ఒక టాయిలెట్ దగ్గరికి తీసుకెళ్ళి ఫ్లష్ ట్యాంకు మూత తీయించండి. లోపల నీటి మట్టం దగ్గర గీత పెట్టించి, నీళ్ళొచ్చే వాల్వు కట్టించి, ఒక్కసారి ఫ్లష్ చేయించండి. తర్వాత లీటరు జగ్గుతో గీత దాకా నింపమనండి. ఆరు లీటర్లని రాసున్నది కొన్నిచోట్ల ఎనిమిది తేలుతుంది. ఎవరో ఫ్లోటును పైకి తిప్పి వదిలేసి ఉంటారు. ఇప్పుడు ట్యాంకులో నాలుగు రంగు చుక్కలు వేసి, ఎవరినీ ఫ్లష్ నొక్కనివ్వకుండా పావుగంట ఆగండి. కింద కమోడ్‌లోకి రంగు దిగిందంటే వాషరు పోయినట్టే. రెండు బటన్ల ట్యాంకు 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీ తెచ్చినప్పుడు పెద్ద ఫ్లష్ 11 లీటర్లు, చిన్నది 5.5. ఇప్పుడు ఆరు, మూడు లీటర్లవి మామూలైపోయాయి. మంచి మార్పే. కానీ 2020లో బ్రిటన్‌లో థేమ్స్ వాటర్ సంస్థే, ఇలాంటి ట్యాంకుల్లో వాల్వులు కారడం వల్ల ఆదా కన్నా వృథా ఎక్కువవుతోందని హెచ్చరించింది. చెక్‌లిస్టులో టిక్కు పడ్డాక ఆ వాషరును ఎవరు చూస్తారన్న ప్రశ్న తరగతిలో రావాలంటే ట్యాంకు మూత తెరవాల్సిందే.

అక్కడి నుంచి స్టూడియోకి దారి గొట్టమే చూపిస్తుంది. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న గొట్టంలో మీటరుకు సుమారు 0.18 లీటర్ల నీరు పడుతుంది. గీజరు 20 మీటర్ల దూరంలో ఉంటే వేడినీళ్ళు వచ్చేలోపు మూడున్నర లీటర్లు వదిలేయాలి. అదే 25 మిల్లీమీటర్ల గొట్టమైతే దాదాపు పది లీటర్లు. గొట్టాలు అవసరానికి మించి లావుగా ఎందుకు వేస్తారంటే, సైజు లెక్కకు చాలాచోట్ల ఇప్పటికీ ఆధారం రాయ్ హంటర్ 1940లో ఇచ్చిన పద్ధతే. అప్పటి కుళాయిలు, ట్యాంకులు ఇప్పటికన్నా చాలా ఎక్కువ నీళ్ళు వాడేవి. స్నానాల గదులు, వంటిల్లు గొట్టాలు నిలువుగా వెళ్ళే ఒకే షాఫ్టు చుట్టూ చేర్చితే ఈ వృథా చాలావరకు పోతుంది. అది ప్లంబర్ చేతిలో లేదు, మొదటి స్కెచ్ గీసేవాళ్ళ చేతిలో ఉంది. విడి పేపరులో ఎంత చెప్పినా ఎక్కనిది, తన ప్లాను మీద వదిలేసిన లీటర్లు రాసుకున్న విద్యార్థికి ఇట్టే ఎక్కుతుంది.

సామగ్రి విషయంలో కొలతతో పాటు ఓపిక కూడా నేర్పాలి. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటుదే. అందులో సగానికి పైగా వచ్చేది ఇంధనం నుంచి కాదు, కొలిమిలో సున్నపురాయి విడిపోవడం నుంచి. కాబట్టి ఇంధనం మార్చినంత మాత్రాన సరిపోదు, సిమెంటులో క్లింకర్ (కొలిమిలో కాలి వచ్చే ముద్ద) వాటానే తగ్గించాలి. దీన్ని స్లైడు మీద చెబితే తలూపుతారు. మామూలు సిమెంటుతో కొన్ని కాంక్రీటు క్యూబులు, సిమెంటులో సగానికి బదులు శ్లాగు (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) కలిపి కొన్ని క్యూబులు వాళ్ళ చేతే పోయించండి. ఏడో రోజు నొక్కి చూసే మెషీన్‌లో పెడితే శ్లాగు క్యూబు తక్కువ బరువుకే పగులుతుంది, ఇది పనికిరాదని తేల్చేస్తారు. 28వ రోజుకు తేడా బాగా తగ్గుతుంది. 56, 90 రోజుల దాకా నీళ్ళలో ఉంచితే చాలాసార్లు శ్లాగుదే పైచేయి. అప్పుడు అసలు ప్రశ్న వాళ్ళే అడుగుతారు: మరి సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే చట్రం) ఎప్పుడు విప్పాలి, పని షెడ్యూలు ఎలా మారాలి?

ఇక ‘గ్రీన్’ అని ముద్ర వేసి అమ్మే సరుకును పోల్చేటప్పుడు తయారీలో కిలోకు ఎంత కార్బన్ వెలువడింది అని చూడటం పెద్ద పొరపాటు. ఒకే బరువు మోసి, వేడిని ఒకేలా ఆపే చదరపు మీటరు గోడకు ఎంత అని చూడాలి. ఫ్యాక్టరీ గేటు దాకా మాత్రమే లెక్కగట్టిన పత్రాల్లో సైటుకు తెచ్చే లారీ వదిలే కార్బన్ ఉండదని కూడా చెప్పాలి.

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. భవనం ఎంత కరెంటు, ఇంధనం వాడుతుందో లెక్కగట్టే ఎనర్జీప్లస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి, నేర్పాల్సిందే. కానీ బటన్ నొక్కే ముందు అంకె ఎంత వస్తుందో విద్యార్థి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. లేకపోతే స్క్రీన్ మీద ఏది వస్తే అది నమ్ముతారు.

కట్టించి నేర్పడం అన్నిటికన్నా గట్టి పద్ధతే. యేల్ యూనివర్సిటీలో 1967 నుంచి, ఆబర్న్ యూనివర్సిటీ రూరల్ స్టూడియోలో 1993 నుంచి విద్యార్థులు నిజంగానే కట్టడాలు కడుతున్నారు. అయితే దానికి డబ్బు, స్థలం, అనుమతులు, అనుభవమున్న మేస్త్రీలు కావాలి. పైగా పనిలో చురుకైన నలుగురి చేతుల్లోనే పనిముట్లు ఉండిపోయే ప్రమాదం ఉంది. అన్నీ అమరిన కాలేజీ తప్పకుండా చేయాలి. అమరని చోట దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా జగ్గు, క్యూబులు, మీటరు బిల్లులతో మొదలుపెట్టొచ్చు.

స్టూడియోలో కలపడానికి ఉన్న ముప్పు కూడా చెప్పాలి. అందరి బాధ్యత అన్నాక అది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. డిజైన్లను చూసి మార్కులు వేసే జ్యూరీలో ఎలివేషన్ (భవనం బయటి రూపు) అందం మీదే చర్చ నడిచి, నీటి లెక్క ఆఖరి షీటులో మూలకు చేరుతుంది. దీనికి నాకు తెలిసిన మందు మార్కులే. తలకు రోజుకు ఎన్ని లీటర్లు, చదరపు మీటరుకు ఎంత కార్బన్ అన్న రెండు అంకెలు మొదటి షీటు మీదే ఉండాలి. అవి లేని డిజైన్‌ను జ్యూరీ చూడకూడదు.

ఇప్పటికే ఉద్యోగం చేస్తున్న ఇంజినీర్లకైతే నా సలహా వేరు. వాళ్ళకు సైటు తెలుసు, గొట్టాలు తెలుసు. వాళ్ళకు కావలసింది ఆ రేటింగ్ చట్రమే, కాబట్టి విడి కోర్సే మేలు. అందులో కూడా తాము కట్టిన భవనం తాలూకు ఏడాది నీటి బిల్లులు వెంట తెచ్చుకోవాలన్న నిబంధన పెడితే బాగుంటుంది.